రంగు మారని ట్యూబులు

నేను ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేశానంటే వినేవాళ్లు లేజర్లో నక్షత్రాలో ఊహించుకుంటారు. నేను చేసింది బ్యాక్టీరియా ఈదుతుంటే వీడియో తీయడం. ఆ వీడియోలో ఒక్కొక్కటి ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలిందో కంప్యూటర్ చేత గీతలు గీయించి, ఆ గీతల మీద లెక్కలు కట్టడం. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి రాయపూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు వ్యాగన్లు బాగుచేసిన ఫిట్టరు. నా పని గురించి ఆయనకి ఎంత చెప్పినా చివరికి ఒక్కటే మిగిలేది. పొద్దున్న టిఫిను దగ్గర, "నీ పురుగులకి కూడెట్టీసినావేటి?" అని అడిగేవాడు. పురుగులు కావు నాన్నా అని మొదట్లో కోప్పడేదాన్ని. తర్వాత విసుగొచ్చి ఊరుకున్నాను.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై అప్పటికి కొన్నేళ్లే అయింది. యూనివర్సిటీలో మా గైడు సారుకి ఎక్కడో ఒక సదస్సులో ఫిజిక్సు, కంప్యూటర్లు, మైక్రోబయాలజీ మూడూ కలిసి చేసే పని గురించి విని పూనకం వచ్చింది. చిన్న ప్రాజెక్టు ఒకటి సంపాదించాడు. కెమెరా తగిలించిన మైక్రోస్కోపు మా గదిలోకి వచ్చింది. దాని పక్కన కంప్యూటరు, దాని ముందు నేను. ప్రోగ్రామ్ రాయడం నాకు బాగానే వచ్చు. రానిదల్లా, ఆ బ్యాక్టీరియాని పెంచడం. అది మైదానానికి అవతల మైక్రోబయాలజీ వాళ్ల చేతిలో ఉంది. ఫిజిక్సు వాళ్లకి అటు నడవడం నామోషీ. వాళ్లకి మేమంటే, మొక్కల్నీ జంతువుల్నీ చూడకుండానే అన్నీ తెలుసనుకునే రకం. అందులో అబద్ధం లేదు.

నేను అక్క అని పిలిచే ఆమెని అక్కడే కలిశాను. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. పదేళ్లు ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేసి, ముప్పై ఐదు దాటాక పరిశోధనలో చేరింది. ఇల్లు రాయపూర్‌లోనే, మోవాలో. భర్త ధర్సీవా వైపు ఒక రోలింగ్ మిల్లులో సూపర్‌వైజరు. మొదటి వారమంతా మేమిద్దరం హిందీలోనే మాట్లాడుకున్నాం. ఒక రోజు నా ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతే కంప్యూటర్ని తెలుగులో తిట్టాను. వెనకనించి, "మనోళ్లేనా?" అని నవ్వు వినిపించింది. వాళ్లది కరీంనగర్. నేను 'నేదు' అంటే ఆమె పడీ పడీ నవ్వేది. ఆమె 'గట్ల' అంటే నేను వెక్కిరించేదాన్ని. అక్కడ మరెవరికీ అర్థంకాని భాష మాకొకటి ఉండటం వల్ల మేం ఆ భవనంలో అందరి మీదా, మా గైడుల మీద కూడా, మొహమాటం లేకుండా జోకులేసుకున్నాం. రెండు నెలల్లో నేను ఆమెకి చెల్లెనైపోయాను.

అక్క బ్యాక్టీరియా ఆమె సొంత సంపాదన. మిల్లు దగ్గర భర్తకి టిఫిన్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు రోడ్డు పక్కన ఒక మడుగు చూసింది. ఫ్యాక్టరీల నుంచి వచ్చే నీళ్లు చేరి పసుపు రంగుకి తిరిగిన మడుగు. గేదెలు కూడా దిగేవి కావు. అందులో ఏదీ బతకదని అక్కడి వాళ్లు చెప్తే, చూద్దామని ఒక సోడా సీసాలో నీళ్లు పట్టుకొచ్చింది. ఆ నీళ్లలోంచి నెలల తరబడి వడబోసి, చివరికి ఒక్క రకాన్ని పట్టింది. అది క్రోమియం విషంలో బతకడమే కాదు, ఆ విషాన్ని విరిచేది కూడా. డైక్రోమేట్ అనే ఆ విషం కలిపిన పసుపుపచ్చ ద్రావణంలో దాన్ని వేస్తే నాలుగు రోజుల్లో పసుపు పోయి నీళ్లలా తేటపడేది. మొదటిసారి ఆ ట్యూబు నాకు చూపించినప్పుడు ఆమె మొహం ఎంత వెలిగిపోయిందో నేను చెప్పలేను. ఆమె థీసిసంతా ఆ ట్యూబులోనే ఉంది.

కొలతల విషయంలో ఆమె చాదస్తం నాకు చిరాకు తెప్పించేది. ప్రతి పొడినీ మూడుసార్లు తూచేది. నేను పక్కనుంటే, నన్ను చదవమని చెప్పి తాను రాసుకునేది. ఏడాదికి సరిపడా డైక్రోమేట్ ద్రావణం ఒకేసారి కలిపి పెద్ద సీసాలో పెట్టుకుని, ప్రయోగాలన్నిటికీ అందులోంచే తీసేది. సీసా మారితే లెక్క మారుతుందని భయం.

ఆ బ్యాక్టీరియాని నెలకోసారి పాత ట్యూబులోంచి కొత్త ట్యూబులోకి మార్చాలి. ట్యూబులో ఆ డైక్రోమేట్ కూడా కలిపి ఏటవాలుగా గడ్డకట్టించిన మేత ఉంటుంది, అది ఎండిపోయేలోపు మార్చాలి. డీప్ ఫ్రీజరు ఉంటే ఏళ్ల తరబడి నిద్రపుచ్చి దాచుకోవచ్చట. వాళ్ల శాఖలో ఉన్న ఒక్క ఫ్రీజరూ చెడిపోయి ఏడాదైంది. బాగుచేయించమని రాసిన కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఆ జీవం మొత్తం మామూలు ఫ్రిజ్‌లో, అక్క చేతి మీద, నెలనెలా నడిచేది.

థీసిస్ ఇవ్వడానికి గడువు ఇంకా ఏడాదిన్నర ఉందనగా అక్క భర్త మిల్లులో నిచ్చెన మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి మంచం దిగకూడదన్నారు. మోవా ఇంట్లో అక్క ఒక్కతే. కరీంనగర్‌లో అయితే బావని ఎత్తి కూర్చోబెట్టడానికి అన్నదమ్ములున్నారు. అక్కడికే తీసుకెళ్లాలనుకుంది. వెళ్లే ముందు రోజు ల్యాబ్‌కి వచ్చి ఫ్రిజ్ తెరిచి ఆ ట్యూబులు నాకు చూపించింది. రెండు గంటలసేపు నా చేత చేయించింది, తీగని దీపం మీద ఎర్రగా కాల్చడం, చల్లార్చడం, పాతదాని మీద తాకించి కొత్తదాని మీద గీయడం.

"నేను ఎట్ల జేస్తే అట్లనే చెయ్ చెల్లె. ఏం మార్చకు," అంది.

అంతకు మించి వివరించలేదు. వివరించాలని ఆమెకి తోచి ఉండదు. మైక్రోబయాలజీ చదివినవాళ్లకి అది అంత మామూలు విషయం.

ఇక నా సంగతి. నా వీడియోలూ లెక్కలూ మూడు చోట్ల దాచుకున్నాను, ఒకటి ల్యాబ్ కంప్యూటర్లో, ఒకటి సీడీల మీద, ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో. కరెంటు పోయినా, కోతులు పడినా నా థీసిస్ భద్రం అని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. అక్క థీసిస్ ఒక ఫ్రిజ్ అరలో ఉందని, దానికి రెండో చోటు లేదని నాకు ఒక్కసారీ తట్టలేదు.

మొదటి నెల ఆమె చెప్పినట్టే చేశాను. రెండో నెలకి డైక్రోమేట్ సీసా అడుగంటింది. కొత్తగా పొడి కావాలంటే స్టోర్స్‌లో అర్జీ పెట్టాలి, అక్క గైడు మేడం సంతకం కావాలి. ఆ మేడం సెలవులో ఉంది. నాకేమో తొందర. సారు ఒక సదస్సుకి కొత్త వీడియోలు కావాలని ప్రాణం తీస్తున్నాడు. పైగా ఆ విషం మేత మీద బ్యాక్టీరియా పలచగా, నాలుగు రోజులకి గానీ పెరిగేది కాదు. మైక్రోస్కోపు కింద పెడితే సగం కదలకుండా పడుండేవి. కదలనివాటితో నా ప్రోగ్రామ్‌కి పని లేదు. ఈ ఒక్కసారికి విషం లేకుండా మార్చేద్దాం అనుకున్నాను.

తెల్లారేసరికి ట్యూబు నిండా దట్టంగా పెరిగింది. మైక్రోస్కోపులో చూస్తే, అబ్బ, ఏం ఈదాయో! అద్దమంతా గీతలే. సారు నా భుజం తట్టాడు. ఆయన ఎవర్నైనా మెచ్చుకోవడం నేనదే చూడటం.

ఆ ఒక్కసారి ఐదు నెలలైంది. తప్పు చేస్తున్నానని నాకు ఒక్కనాడూ అనిపించలేదు. ఎందుకంటే నా బుర్ర ఫిజిక్సు బుర్ర. ఎలక్ట్రాన్‌ని ఆర్నెల్లు పట్టించుకోకపోయినా దాని విద్యుదావేశం ఎక్కడికీ పోదు. ఇనుముని కొలవకుండా వదిలేస్తే బరువు తగ్గదు. వస్తువు గుణం వస్తువులో ఉంటుంది, అంతే. ఈ బ్యాక్టీరియా విషం తట్టుకుంటుందని అక్క రుజువు చేసింది కదా, ఆ గుణం దాన్దే కదా, మధ్యలో కొన్నాళ్లు సుఖంగా తింటే ఏమవుతుంది అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, దానికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ట్యూబులు చాలకపోతే, విషం మేత మీద పెరిగిన పాతవాటిని ఆవిరి కుక్కర్లో ఉడికించి, నా చేతులతోనే కడిగి ఆరబెట్టాను.

అక్క ఆరో నెలలో తిరిగొచ్చింది. చిక్కిపోయింది. బావ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు గానీ మిల్లు వాళ్లు మళ్లీ తీసుకోలేదు. వచ్చిన రోజే ఫ్రిజ్ తెరిచి, ట్యూబు వెలుతురుకి ఎత్తి చూసి, "మస్తు పెరిగింది గదా," అని ఆశ్చర్యపోయింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మేత అదే గదా చెల్లె?"

"అదే అక్కా. ఏటీ మార్చనేదు," అన్నాను.

అబద్ధం ఆడుతున్నానన్న బరువు కూడా లేకుండా అన్నాను. చెప్తే కోప్పడుతుందేమో, ఎందుకొచ్చిన గొడవ అని. మహా అయితే ఒక చిన్న మాట దాస్తున్నాననుకున్నాను.

థీసిస్ ఇచ్చే ముందు శాఖలో అందరి ఎదుటా ఒకసారి చెప్పాలి. అక్క చెప్పింది. ప్రధానమైన ప్రయోగాన్ని ఇంకోసారి చేసి, ఆ ఫలితం కలిపి ఇమ్మన్నారు. ఆమెకి అది లెక్కలోది కాదు. కొత్త డైక్రోమేట్ తెప్పించి, మూడుసార్లు తూచి, కొత్త సీసా కలిపింది. ట్యూబుల్లో పోసి బ్యాక్టీరియా వేసింది. నాలుగు రోజులైంది. పసుపు అలాగే ఉంది. వారమైంది. అలాగే ఉంది. ట్యూబు అడుగున మసకైనా లేదు, అందులో ఏదీ బతకలేదు.

మళ్లీ చేసింది. మళ్లీ. రోజూ పొద్దున్న వచ్చి ఇంక్యుబేటర్ తలుపు తీసేది. నేను మైదానం దాటి వెళ్లేసరికి ఆ పసుపు ట్యూబుల వరస ముందు కూర్చుని ఉండేది. నీళ్లు మార్చి చూసింది, వేడి మార్చి చూసింది, ట్యూబులు కొత్తవి కొని చూసింది.

అప్పటికి నాలో ఏదో గుచ్చడం మొదలైంది. లైబ్రరీకి వెళ్లి మైక్రోబయాలజీ పాఠ్యపుస్తకం తీశాను. బీఎస్సీ పిల్లలు చదివే పుస్తకం. అందులో ఒక పేజీలో ఉంది. విషాన్ని తట్టుకునే శక్తి చాలా బ్యాక్టీరియాలో అసలు శరీరంలో ఉండదట. విడిగా ఒక చిన్న డీఎన్‌ఏ చుట్టలో ఉంటుందట. దాన్ని మోయడం వాటికి బరువు. విషం ఎదురుగా ఉన్నంతకాలం మోస్తాయి. విషం లేని చోట, మోసేవాటికంటే పారేసినవి తొందరగా పెరుగుతాయి. కొన్నాళ్లకి పారేసినవే మిగులుతాయి. నేను బల్ల ముందు కూర్చుని ఆ పేజీని నాలుగుసార్లు చదివాను. నా అద్దం నిండా హుషారుగా ఈదినవి, అక్క బ్యాక్టీరియాలో ఆ చుట్టని పారేసిన రకం. అసలుది నేను ఉడికించి కడిగేశాను.

ఆ రోజే చెప్పాల్సింది. మైదానం సగం దాకా నడిచాను కూడా. అక్కడ ఆగి ఆలోచించాను, అదే నా పాపం. నా థీసిస్ పేరులోనే 'విషాన్ని తట్టుకునే బ్యాక్టీరియా' అని ఉంది. నేను చెప్తే ఆమె పని ఎందుకు పోయిందో తెలుస్తుంది గానీ ఆమె పని తిరిగి రాదు, నాది కూడా పోతుంది. రెండూ పోవడం కంటే ఒకటి మిగలడం నయం కదా అని నాకు నేను లెక్క చెప్పుకున్నాను. ఆ లెక్క ఎంత నీచమైనదో అప్పుడే తెలుసు. వెనక్కి తిరిగి నా గదికి వచ్చేశాను.

ఒక ఆదివారం అక్క తన లూనా మీద నన్ను ఎక్కించుకుని ధర్సీవా వైపు తీసుకెళ్లింది. మళ్లీ ఆ మడుగు నీళ్లే తెచ్చుకుని మొదటినుంచి మొదలుపెడతానంది. మడుగు లేదు. మిల్లుల బూడిదా ఇనుప చిట్టెమూ పోసి పూడ్చేసి చదును చేశారు. దాని మీద లారీలు ఆగి ఉన్నాయి. అక్క లారీల మధ్య తిరిగి తిరిగి, ఒక చోట కూర్చుని చెంచాతో మట్టి తవ్వింది. నాలుగు చోట్ల తవ్వి నాలుగు డబ్బాల్లో వేసుకుంది. డ్రైవర్లు నవ్వారు. ఆ డబ్బాల్లోంచి ఏదీ రాలేదు.

ఆ తర్వాత ఆమె తన పాత రికార్డు పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టింది. తప్పు తనలోనే ఉండి ఉంటుందని ఎలా అనిపించిందో తెలియదు. లేదు, తెలుసు. మేత మార్చలేదని నేను మాట ఇచ్చాను. ఇంక మిగిలింది ఆమే. ఒక పేజీలో, ఏడాదికని కలిపిన ఆ పెద్ద సీసా కొలత దగ్గర, నీటి చుక్క పడి ఒక సున్నా అలుక్కుపోయి ఉంది. అది పట్టుకుంది. పొడి పదో వంతే వేసి ఉంటాను, ఆ సీసాతోనే ఏడాదంతా చేశాను, అందుకే అన్నీ బతికాయి, నా బ్యాక్టీరియాకి ప్రత్యేకత ఏమీ లేదు అంది. సరిచూసుకుందామంటే ఆ సీసా నా చేతిలో ఖాళీ అయింది. కొత్తగా పదో వంతు ద్రావణం కలిపి చూసింది. అంత కొద్ది విషంలో మామూలు బ్యాక్టీరియా కూడా బతుకుతుంది, ఆ కాస్తనీ విరిచేస్తుంది. నాలుగో రోజుకి ట్యూబు తేటపడింది.

నేను పక్కనే ఉన్నాను. పదో వంతైతే రంగు కూడా లేతగా ఉండాలి. పాత ట్యూబుల ముదురు పసుపు నాకూ గుర్తుంది, ఆమెకీ గుర్తుండాలి. రంగు తేడా తెలిసేది కదా అక్కా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"సూసినవా, దొరికింది నా తప్పు," అంది ఆమె. ఏడవలేదు. ఏదో తేలిక కూడా కనిపించింది ఆ మొహంలో.

ఆమె మేడంకి ఉన్నదున్నట్టు చెప్పేసింది, అంటే లేనిది చెప్పేసింది. మేడం తిట్టలేదు, పొడిగింపు అడగమంది. అక్క అడగలేదు. బావకి ఉద్యోగం లేదు, ఇల్లు గడవాలి, పైగా సున్నా కూడా చూసుకోలేనిదాన్ని నాకెందుకు ఈ చదువు అంది. ఒక సంచిలో తన చెప్పులూ, కోటూ, రెండు పెన్నులూ వేసుకుని వెళ్లిపోయింది. ఫ్రిజ్‌లో ట్యూబులు ఎవరూ మార్చలేదు. ఎండిపోయాయి.

మరుసటి ఏడాది నాకు డాక్టరేట్ వచ్చింది. థీసిస్ మొదటి పేజీలో అక్కకి కృతజ్ఞతలు రాశాను. మందిర్ హసౌద్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. పెళ్లి చేసుకున్నాను. ఏళ్లు గడిచాయి.

అక్కతో రాకపోకలు మానలేదు. మానేస్తే అనుమానం వస్తుందని మొదట వెళ్లాను, తర్వాత అలవాటుగా వెళ్లాను, నిజానికి ఆమె లేకుండా ఉండలేక వెళ్లాను. మోవాలో ఇంటి ముందు గదిలో ఆమె ట్యూషన్లు చెప్పేది. ఆరు నుంచి పది దాకా లెక్కలూ సైన్సూ. నేను వెళ్తే పిల్లలకి డాక్టరమ్మ అని పరిచయం చేసేది. నన్ను చూపించి వాళ్లని చదువుకోమనేది. బావ మంచం మీద కూర్చుని, ఆమె దిద్దిన పుస్తకాలు తీసుకుని మళ్లీ చూస్తుండేవాడు. కాలక్షేపానికనుకున్నాను.

ఆమె పరిశోధన మానేసి పదేళ్లు దాటిన ఒక వేసవిలో, మధ్యాహ్నం పూట వెళ్లాను. ఏడో తరగతి పాప ఒకతి దశాంశాల లెక్క తప్పి ఏడుస్తోంది. అక్క దాన్ని దగ్గరికి తీసుకుని హిందీలో తన కథ చెప్పింది. తాను పెద్ద చదువు చదివానని, ఒక సీసా మందు కలిపేటప్పుడు సున్నా తప్పు వేశానని, ఆ ఒక్క సున్నాకి తన చదువంతా పోయిందని. అందుకే సున్నా దగ్గర రెండుసార్లు చూసుకోవాలి బిడ్డా, నాలాగా కావద్దు అంది. ఎన్నోసార్లు చెప్పి నలిగిన కథ అని వింటుంటేనే తెలుస్తోంది. పాప కళ్లు తుడుచుకుంది.

పాప వెళ్లాక చెప్పేశాను. చెప్పడం తెలియక ముందూ వెనకా చేసి చెప్పాను. మేత మార్చానని, విషం వేయలేదని, పాత ట్యూబులు నేనే కడిగేశానని, సున్నా తప్పు కాదని.

అక్క చేతిలోని ఎర్రపెన్ను కింద పెట్టింది.

"మల్ల జెప్పు," అంది.

మళ్లీ చెప్పాను, ఈసారి వరసగా.

"అంటే నా సీసల సున్న సరిగ్గనే ఉన్నది."

"సరిగ్గానే ఉంది అక్కా."

"నీకు ఎప్పుడు ఎరుకైంది?"

"నీ ప్రయోగం పోయిన నెల తిరక్కుండానే."

"నేను పదో వంతు ఏసి సూసిన్నాడు? పక్కన్నే నిలవడ్డవు గద."

"అప్పటికే తెలుసు," అన్నాను.

ఆమె తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని, అదే కోరుకున్నానేమో కూడా. క్షమిస్తుందని ఏ మూలో ఆశ పెట్టుకున్న మాటా నిజమే.

"డిగ్రీ పోతే పోయింది చెల్లె. గాని అప్పటి సంది నా చెయ్యి మీద నాకే నమ్మకం లేకుండ వోయింది. బియ్యంల నీళ్లెన్ని పొయ్యాల్నో గూడ మీ బావకు సూపెట్టి పోస్త. పిల్లల కాపీలు దిద్దినంక ఆయనకిచ్చి మల్ల సూపిస్త. మతి తక్కువదాన్నని ఆయన అనుకున్నడు. నేను గూడ గట్లనే అనుకున్న."

బావ మంచం మీద ఉన్నాడు. వింటున్నాడో లేదో నేను అటు చూడలేదు. ఏదో ఒకటి అనాలని, తప్పైపోయింది అక్కా అన్నాను. ఆ మాట నాకే చిన్నదిగా వినిపించింది.

గేటు చప్పుడైంది. తర్వాతి బ్యాచీ పిల్లలు చెప్పులు విప్పుకుంటున్నారు. అక్క లేచి చీర సర్దుకుంది.

"నువ్వు ఇగ రాకు," అంది. గొంతు పెంచలేదు.

నేను లేచాను. ముందొచ్చిన పిల్ల నిన్నటి లెక్కల పుస్తకం ఇస్తే, అక్క నిలబడే ఎర్రపెన్నుతో దిద్దింది. బావ అలవాటు కొద్దీ మంచం మీంచి చేయి చాపాడు. ఆమె పుస్తకం ఆయనకి ఇవ్వలేదు.

"అక్కర్లే. నేను సూసిన," అని తిన్నగా పిల్లకి ఇచ్చేసింది.

నేను గేటు దగ్గరికి వేసి బయటికి వచ్చాను. ఆ తర్వాత మళ్లీ మోవా వెళ్లలేదు.